ఆకుకూరలు, పొగగాలి, మన పిల్లలు



తల్లిదండ్రుల సభలో ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరినప్పుడు, ఏ విషయము చెప్పుదుమా యని వెదకనక్కరలేకపోయినది. కొంతకాలముగా తల్లులు మమ్మడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. "మన మనలిలో పొగ యెక్కువ గదా. పిల్లల ఊపిరితిత్తులు చెడకుండ యాంటీఆక్సిడెంటు మాత్రలు అమ్ముచున్నారట. అవి యిప్పించిన మంచిదేనా?" అని. ఒక తల్లి సీసానే తెచ్చి చూపినది. సీసా మీద ద్రాక్షగుత్తి బొమ్మ అందముగా ఉన్నది. వెల మాత్రము ఆ యింటి నెల కూరగాయల ఖర్చునకు తక్కువ కాదు. ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. మేము వైద్యులము కాము. చదివి, తెలిసినవారి నడిగి, తెలిసికొన్నంతవరకు ఈనాడు విన్నవించుచున్నాము.

మొదట పొగ సంగతి. ఇది మన ఊహ కాదు. మద్రాసు రిఫైనరీస్ సంస్థ 1965లోను, మద్రాసు ఫెర్టిలైజర్సు 1966లోను ఏర్పడినవి. 1969లో చమురుశుద్ధి కర్మాగారము పని ప్రారంభించినది. వాని వెంబడి రసాయన పరిశ్రమలు అనేకములు వచ్చినవి. మనలో చాలమంది కుటుంబములకు అన్నము పెట్టినవి ఆ పరిశ్రమలే. ఆ మాట మరచి మాటలాడుట కృతఘ్నత యగును. అయినను, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశములోని 88 పారిశ్రామిక ప్రాంతములను పరిశీలించి, అందు 43 ప్రాంతములను తీవ్ర కాలుష్య ప్రాంతములని నిర్ణయించినప్పుడు, వానిలో మనలి పేరు కూడ ఉన్నది. కావున తల్లులు భయపడుటలో తప్పు లేదు. భయమునకు మందు ఆ సీసాలో ఉన్నదా లేదా యన్నదే ప్రశ్న.

ఆమ్లజనీకరణ మనగా నేమో ముందు చూతము. ఇనుప మేకును వానలో విడిచిన తుప్పు పట్టును. వంకాయను తరిగి పెట్టిన కొంతసేపటికి నల్లబడును. డబ్బాలోని నూనె పాతబడిన మక్కువాసన కొట్టును. ఈ మూడును ప్రాణవాయువు చేయు పనులే. ఏ ప్రాణవాయువు లేనిదే మనము నిమిషములు బ్రతుకలేమో, అదే వస్తువులను పాడుచేయును. మన శరీరములోను అంతే. తిన్న ఆహారమును దహించి శక్తిగా మార్చునప్పుడు కొన్ని చంచలములగు అణువులు పుట్టును. వానిలో ఒక ఎలక్ట్రాను జత లేక ఒంటరిగా ఉండును. ఆ లోటు తీర్చుకొనుటకు అవి ప్రక్క అణువు నుండి ఎలక్ట్రానును లాగుకొనును, ఆ ప్రక్కది మరియొకదాని నుండి లాగును. ఈ లాగులాటలో కణములపొరలు, కణములోని వంశబీజ ద్రవ్యము దెబ్బతినును. ముదిమికి ఇదియే కారణమేమో యని డెన్‌హామ్ హర్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1956లో ఒక సిద్ధాంతము ప్రతిపాదించెను. ఆ సిద్ధాంతము పూర్తిగా నిలువలేదు గాని, ఆలోచన మాత్రము అక్కడనుండియే వ్యాపించినది. పొగాకు పొగ, వాహనముల పొగ, గాలిలోని సూక్ష్మరేణువులు, ఓజోను – ఇవన్నియు ఊపిరితిత్తులలో ఇట్టి అణువులను ఎక్కువ చేయును.

ఎలక్ట్రానును తామే యిచ్చి ఈ లాగులాటను ఆపు పదార్థములకు ఆమ్లజనీకరణ నిరోధకములని పేరు. ఇంగ్లీషులో యాంటీఆక్సిడెంట్లందురు. శరీరము తనకు కావలసినవి కొన్ని తానే తయారు చేసికొనును. మిగిలినవానిని మొక్కల నుండి గ్రహించును. మొక్కలలో ఇవి ఏల ఉండవలెను? ఆకు దినమంతయు ఎండలో నిలిచి ప్రాణవాయువును పుట్టించుచుండును గనుక, ఆ నిప్పులో తాను కాలిపోకుండ తనకొక కవచము కావలెను. తోటకూరలోను మునగాకులోను ఉన్న కెరోటీను అట్టిదే. ఆకు పచ్చదనము క్రింద ఆ పసుపు రంగు దాగియుండును. వంకాయ తోలు ఊదారంగు, నేరేడుపండు నలుపు, ఎఱ్ఱ ఉల్లిపాయ రంగు, పసుపు కొమ్ము రంగు, రాగిగింజ పైపొరలోని వగరు – ఇవన్నియు మొక్క తన రక్షణకు చేసికొన్నవే. మనము వానిని అరువు తెచ్చుకొనుచున్నాము.

విటమిన్ సి విషయములో మనకును మేకకును ఒక భేదము కలదు. మేక దానిని తన శరీరములో తానే చేసికొనును. జంతువులలో చాలవానికి ఆ శక్తి ఉన్నది. మనుష్యులును, కోతులును, మరి కొన్ని ప్రాణులును మాత్రమే ఆ శక్తిని పోగొట్టుకొన్నవి. అందుచేత ఆకులను మేకకు వేసి మనము బిస్కత్తులు తినుట న్యాయము కాదు.

1971లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ప్రకటించిన పట్టికలలో నూరు గ్రాముల ఉసిరికాయకు 600 మిల్లిగ్రాముల విటమిన్ సి అని యున్నది. 2017లో ఆ సంస్థయే క్రొత్త పద్ధతులతో కొలిచినప్పుడు ఆ అంకె 252 అయినది. తగ్గినదని ఉసిరిని చిన్నచూపు చూడవలదు. మొదటి పట్టికలో నారింజకు 30, ఆపిలుకు 1. జామకాయకు 212! రోగిని చూడబోవునప్పుడు మనము ఆపిల్ పండ్లు కొనిపోవుదుము. ఆపిలులో వేరు గుణములు లేకపోలేదు గాని, ఆ వెలకు ఒక గంప జామకాయలు వచ్చును. మరి మర్యాద యన్నది ఒకటి ఉన్నది గదా!

ఆ సంస్థ కథ మద్రాసువారమగు మనము తెలిసికొనదగినది. అది పుట్టినది ఈ రాష్ట్రములోనే. 1918లో రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు నీలగిరులలోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూటులోని ఒకే ఒక గదిలో, బెరిబెరి వ్యాధిని గూర్చి పరిశోధన ప్రారంభించెను. ఆ గదియే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలిపోయినది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ యను పేరు వచ్చినది. మన పిల్లలకు సూదిమందు కనిపెట్టినవారి పేర్లు తెలియును గాని, మన కూరగాయలను కొలిచిన ఈ సంస్థ పేరు తెలియదు. పాఠములో చేర్చవలెనని ఉపాధ్యాయులకు విన్నపము.

ఆ సంస్థలో 1992లో ఒక పరిశోధన జరిగినది. నిత్యము పొగత్రాగువారిని పదునారుగురను తీసికొని, దినమునకు ఒకటిన్నర గ్రాముల పసుపు చొప్పున ముప్పది దినములు ఇచ్చిరి. పొగత్రాగువారి మూత్రములో కణముల వంశబీజ ద్రవ్యమును చెడగొట్టు పదార్థములు వెలువడుచుండును. పసుపు తిన్నపిదప అవి తగ్గినవి. వీరు పదునారుగురే, కాలము నెలయే. దీనివలన పసుపు కాన్సరును ఆపునని ఎవరును చెప్పరాదు. కాని ఒకటిన్నర గ్రాములు మన పప్పులోను చారులోను పడు పరిమాణమునకు మిక్కిలి దూరము కాదు. ఇది గమనింపదగినది.

దీనికంటె మనసును కదల్చు పరిశోధన మరియొకటి కలదు. ఉత్తరాంధ్ర తీరగ్రామములలో స్త్రీలు చుట్టను వెలిగించిన కొనను నోటిలోపల ఉంచుకొని త్రాగు అలవాటు ఉన్నది. అడ్డపొగ యని దానికి పేరు. అంగుడు మీద పుండ్లవంటి మచ్చలు ఏర్పడును, వానిలో కొన్ని కాన్సరుగా మారును. ఈ విధముగా పొగత్రాగు ఆంధ్రగ్రామస్థులకు హైదరాబాదు పరిశోధకులు విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియము కలిపి ఒక సంవత్సరము ఇచ్చి, ఆ ఫలితములను 1995లో ప్రకటించిరి. వారిలో సగముమందికి పైగా మచ్చలు పూర్తిగా మానినవి. ఉత్తి మాత్రలు తిన్నవారిలో నూటికి పదిమందికైనను మానలేదు.

"చూచితిరా, మాత్రలు పనిచేసినవి గదా!" యని మీరనవచ్చును. తొందరపడవలదు. సరిగా ఆ కాలమందే చలిదేశమగు ఫిన్లండులో ఒక మహాపరీక్ష జరిగినది. కూరగాయలు ఎక్కువగా తినువారికి ఊపిరితిత్తుల కాన్సరు తక్కువగా వచ్చుట వైద్యులు ఏండ్ల తరబడి గమనించియుండిరి. కూరగాయలలోని కెరోటీనే కారణమై యుండునని తలచి, పొగత్రాగు 29,133 మంది పురుషులను ఎన్నుకొని, వారిలో కొందరికి దినమునకు 20 మిల్లిగ్రాముల కెరోటీను మాత్ర, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండును, కొందరికి ఉత్తి మాత్ర ఇచ్చిరి. అయిదు మొదలు ఎనిమిదేండ్లు గడచినవి. 1994లో ఫలితము ప్రకటించినప్పుడు వైద్యలోకము నివ్వెరపోయినది. కెరోటీను తిన్నవారిలో ఊపిరితిత్తుల కాన్సరు నూటికి 18 వంతులు ఎక్కువ అయినది. అమెరికాలో 18,314 మందితో జరుగుచున్న మరియొక పరీక్షలో కెరోటీనును విటమిన్ ఎతో కలిపి ఇచ్చుచుండిరి. అందును కాన్సరు నూటికి 28 వంతులు ఎక్కువ కనబడుటచే, 1996లో గడువునకు 21 నెలల ముందే ఆ పరీక్షను ఆపివేసిరి. మేలు చేయునని తలచి ఇచ్చిన మాత్ర కీడు చేసినది.

ఇందులోని విచిత్రమేమనగా, ఆ ఫిన్లండు పురుషులలోనే, పరీక్షకు ముందు తమ భోజనములో కెరోటీను ఎక్కువగా తినుచున్నవారికి కాన్సరు తక్కువగానే వచ్చినది. తిండిలోని కెరోటీనుకు ఒక ఫలితము, మాత్రలోని కెరోటీనుకు మరియొకటి!

మాకు అర్థమైనంతవరకు సంగతి యిది. అడ్డపొగ త్రాగు గ్రామస్థులు పేదలు, వారి తిండి చాలనిది. వారి శరీరములో లేనిదానిని నింపిరి గనుక మేలైనది. ఫిన్లండువారికి లోటు లేదు, ఉన్నదానిపై కుప్ప పోసిరి. పొగ నిండిన ఊపిరితిత్తిలో అధికమైన కెరోటీను తానే ఆమ్లజనీకరణము చెంది, కావలి కాయవలసినది దొంగలతో చేరినట్లయినదని కొందరు శాస్త్రజ్ఞులు వివరించుచున్నారు. పైగా ఆకుకూరలో ఒక్క కెరోటీనే కాదు, పీచు, ఫోలేటు, ఇనుము, విటమిన్ సి, ఇంక అనేకములు కలిసి యుండును. అందరి పనిని ఒక్కనికి అప్పగించుటవంటిది మాత్ర.

ఫోలేటు మాట వచ్చినది గనుక ఒక్క క్షణము. అది నేటి మన విషయమునకు చెందిన పదార్థము కాదు గాని, ఆ పేరులోనే ఆకు ఉన్నది. పాలకూర నుండి మొదట వేరుచేసినందున లాటిను భాషలోని ఆకు అను పదము నుండి ఆ పేరు పెట్టిరి. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకత్వము వహించినది భీమవరములో పుట్టి, మన మద్రాసు వైద్యకళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆకును గూర్చి మాటలాడుచు ఆయనను తలచుకొనకపోవుట తెలుగువారికి తగదు.

పొగగాలి విషయములో పిల్లలపైననే జరిగిన పరీక్ష కూడ ఒకటి చెప్పవలసియున్నది. లేనిచో మేము ఒక ప్రక్కనే చెప్పినవారమగుదుము. మెక్సికో నగరములో 158 మంది ఉబ్బసము గల పిల్లలలో కొందరికి దినమునకు 250 మిల్లిగ్రాముల విటమిన్ సి, 50 మిల్లిగ్రాముల విటమిన్ ఇ ఇచ్చి చూచిరి. 2002లో ప్రకటించిన ఫలితములనుబట్టి, ఓజోను పెరిగిన దినములలో ఆ పిల్లల ఊపిరిబలము తక్కిన పిల్లలదానివలె తగ్గిపోలేదు. అనగా కొంత మేలు ఉన్నది. కాని అది ఉబ్బసపు పిల్లలకు వైద్యుల కనుసన్నలలో ఇచ్చినది. 250 మిల్లిగ్రాములన్నది రెండు చిన్న జామకాయలలో దొరకునది.

ఒక్క హెచ్చరిక. సీసాలపైన "ఇన్నివేల యూనిట్ల శక్తి" అని వ్రాయుదురు. ఆ శక్తిని కొలిచినది గాజుగొట్టములో, మనిషి రక్తములో కాదు. అమెరికా వ్యవసాయశాఖవారు అట్టి అంకెల పట్టికను ఒకప్పుడు ప్రకటించి, వ్యాపారులు దానిని దుర్వినియోగము చేయుచున్నారని చెప్పి 2012లో ఉపసంహరించుకొనిరి. ఉపసంహరించిన అంకెలు సీసాల మీదనుండి మాత్రము పోలేదు!

కాబట్టి ఆ తల్లికి మా సమాధానము: లోటు ఉన్నదని వైద్యుడు పరీక్షించి చెప్పినప్పుడు మాత్ర తప్పక వేయుడు. మన ప్రభుత్వము పసిపిల్లలకు ఇచ్చు విటమిన్ ఎ ద్రావకమును మానవలదు, అది లోటు తీర్చునది, కండ్లు కాపాడునది. లోటు లేని పిల్లవానికి పొగ పేరు చెప్పి సీసా కొనవలదు. ఆ డబ్బుతో ఆకుకూరలు, జామకాయలు కొనుడు. అయితే ఆకుకూర తిన్నంతమాత్రమున పొగ పనిచేయదని మాత్రము మేము చెప్పము. ఎంత తోటకూర తిన్నను చెడ్డగాలి చెడ్డగాలియే. పొగ దట్టముగా ఉన్న ప్రొద్దుటివేళ పిల్లలను పరుగుపందెములకు పంపకుండుట, వీధిలో చెత్త కాల్చనీయకుండుట, ఇంటిలో తండ్రులు బీడి సిగరెట్లు మానుట – ఇవి వంటయింటిలో జరుగునవి కావు. (తండ్రులు నవ్వుచున్నారు. నవ్వుడు, కాని మానుడు.) వాసన భరింపరాని దినములలో తేదీ, వేళ వ్రాసి పెట్టుకొని కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పంపుట మన సంఘము చేయదగిన పని. వ్రాతపూర్వకముగా లేని ఫిర్యాదు గాలిలో కలిసిపోవును.

ఇక వంటయింటి సంగతులు. పెద్దలు దినమునకు కనీసము 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన యిండ్లలో సాంబారులోని రెండు ములక్కాడ ముక్కలను కూరగాయలుగా లెక్కించుకొనుచున్నాము! ఆకుకూరను ముందు కడిగి తరువాత తరుగుడు. తరిగి కడిగిన విటమిన్ సి నీళ్లతో పోవును. రోడ్డు ప్రక్కన పెరిగిన ఆకుమీద దుమ్ముతోపాటు సీసపు అంశము కూడ ఉండవచ్చును గనుక రెండు మూడు నీళ్లలో కడుగుట అవసరము. ఉడికించిన నీటిని పారబోయక పప్పులో కలుపుడు. కెరోటీను నూనెలో కరుగునది, నూనె చుక్క లేని ఆకుకూర తిన్న అది ఒంటికి పట్టదు. కావున పోపు పెట్టుట రుచికి మాత్రమే కాదు. విటమిన్ సి వేడికి నశించును గాని పులుపు ఉన్నచోట నశించుట ఆలస్యమగును. పచ్చి కొత్తిమీర, పచ్చి ఉసిరి నూరిన పచ్చళ్లను మన పెద్దలు ఊరక చేయలేదు.

పసుపు సంగతి. పసుపులోని కర్కుమిన్ ఒంటికి పట్టుట కష్టము. మిరియాలలోని పదార్థముతో కలిపి ఇచ్చిన అది రక్తములోనికి ఎన్నో రెట్లు ఎక్కువగా చేరునని బెంగుళూరులోని సెంట్ జాన్స్ వైద్యకళాశాలవారు 1998లో చూపిరి. మన మిరియాల చారులో రెండును ఉన్నవి. కాని దుకాణపు పొడిలో రంగుకొఱకు సీసపు లవణము కలిపిన ఉదంతములు మన దేశములో బయటపడినవి. సీసము పిల్లల బుద్ధిని చెరచును. కనుక కొమ్ములు కొని, కడిగి యెండబెట్టి, మరలో మీ కండ్ల ఎదుట ఆడించుకొనుడు.

కడపటి విషయము మన భాషకు సంబంధించినది. మన పిల్లలకు అంగడిలో ఆకుకూరల అరవపు పేర్లు తెలియును, ఇంటిలోని తెలుగు పేర్లు తెలియవు. లేదా రెండును తెలియక "కీరై" యని ఒక్క మాటతో తీర్చుదురు. మొన్న ఐదవ తరగతిలో అడిగినప్పుడు పుళిచ్చక్కీరై యని చెప్పగలిగిన పిల్లలు ఆరుగురు ఉన్నారు గాని, అది తమ యింటి గోంగూరయేనని తెలిసినవారు ఇద్దరే. నెల్లిక్కాయ ఉసిరికాయ, మురుంగైక్కీరై మునగాకు, పొన్నాంగణ్ణి మన పొన్నగంటికూర, వెందయక్కీరై మెంతికూర. ఆదివారమునాడు పిల్లవానిని సంచి పట్టించి అంగడికి తీసికొనిపోయి రెండు భాషలలోను పేర్లు చెప్పించుడు. పేరు తెలిసిన కూరను పిల్లలు కొంచెము తక్కువ పేచీతో తిందురని మా అనుభవము. పూర్తిగా పేచీ మానుదురని మేము హామీ యీయలేము.

రాబోవు కార్తీకమాసమున పై తరగతుల పిల్లలను వనభోజనమునకు తీసికొనిపోవలెనని ఉపాధ్యాయులు తలచుచున్నారు. వనభోజనమునకు ఉసిరిచెట్టు నీడ ఉండవలెను గదా. ఈ చుట్టుప్రక్కల అట్టి చెట్టు ఎక్కడ ఉన్నదో ఇంకను తెలియలేదు. ఎవరి దొడ్డిలోనైనను, ఎరిగినవారి తోటలోనైనను ఉన్నచో, సభ ముగిసిన పిదప ప్రధానోపాధ్యాయులవారితో చెప్పి వెళ్లుడు.